కత్తి బరువు

మా ఇంట్లో రెండు మంగలి కత్తులుండేవి. ఒకటి రోజు కత్తి, రెండోది దినాల కత్తి. రెండింటినీ మా మామగారు సుల్తాన్ బజార్‌లో ఒకే దుకాణంలో, ఒకే రోజు కొన్నాడట. రెండింటికీ నల్ల కొమ్ము పిడులే. రోజు కత్తి పొద్దుటి గడ్డాలకు. దినాల కత్తి, మనిషి పోయిన ఇంట్లో పదో రోజు కొడుకుల తలలు గీయడానికి. ఒకదాని పనికి ఇంకొకటి పోకూడదు. రోజు కత్తి దేవుడి గూట్లో తెల్ల బట్టలో ఉండేది. దినాల కత్తి ఇంట్లోకి రాదు. బయట స్నానాల గది గోడ మీద రేకు డబ్బాలో దాని చోటు. కలిసిపోకుండా దాని పిడికి నల్ల దారం చుట్టి ఉండేది. చావు పని చేసి వచ్చిన ప్రతిసారీ మా ఆయన ఆ పాత దారం తీసి పారేసి, కత్తిని పసుపు నీళ్లతో కడిగి, కొత్త దారం తానే చుట్టేవాడు.

ఇప్పుడివన్నీ ఎవరికీ అక్కరలేదు. చిక్కడపల్లి గల్లీలో మాకున్న రెండు కుర్చీల షాపులో కూడా మా ఆయన సగం బ్లేడు తొడిగే కత్తే వాడేవాడు. ఒక మనిషికి ఒక బ్లేడు, పని కాగానే పారేయడం. అశోక్ నగర్ హాస్టళ్ల నుంచి వచ్చే పిల్లలు కుర్చీలో కూర్చోకముందే అడిగేవాళ్లు, "కొత్త బ్లేడేనా అంకుల్?" అని. అసలు కత్తి ఒక్క మనిషి కోసమే మిగిలింది. ఆయన నారాయణగూడలో ఉండే కిషన్ రావు సారు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఎనభై దాటాయి. మంగళవారం ఒక్కటి తప్పించి రోజూ పొద్దున ఆరున్నరకు తమ వరండాలో మా ఆయన కత్తి కింద కూర్చునేవారు. ముప్పై ఏళ్లుగా అంతే.

మా ఆయన పేరు మాసయ్య. పేరు పెట్టి రాయడం నాకు ఇంకా చేతకావడం లేదు. అక్షరాలు నేర్చుకున్నదే యాభై ఎనిమిదో ఏట. ఆ ఎండాకాలం ఏం జరిగిందో నోటితో చెప్పడానికి నాకు చాలా అదును దొరికింది. ఒక్కసారీ నోరు తెరవలేదు. అందుకని రాస్తున్నాను.

పొద్దున అయిదింటికి మా ఆయన తోలు పట్టాను కిటికీ ఊచకు తగిలించి, కింది కొసను ఎడమ చేత్తో బిగించి పట్టుకునేవాడు. కత్తిని దాని మీద అటు ఇటు తిప్పి తిప్పి నలభై సార్లు లాగేవాడు. నేను పొయ్యి దగ్గరుంటే పిలిచేవాడు.

"చప్పుడు వినే. గరగరమంటే ఇంక ఆకలి మీదున్నట్టు. మెత్తగ వోతే కడుపు నిండినట్టు."

"ముందు నీ కడుపుల చాయ్ పొయ్యి, తర్వాత దానికి నింపుదువు" అనేదాన్ని.

తర్వాత ముంజేతి మీద ఒక్క వెంట్రుక గీసి చూసుకునేవాడు. పొదిలో కత్తి, కుచ్చు, పటిక ముక్క, తెల్ల తువ్వాలు సర్దుకుని నడుచుకుంటూ నారాయణగూడ పోయేవాడు.

నేను చీరలకు ఫాల్ కుట్టేదాన్ని. కిషన్ రావు సారు భార్య అరుంధతమ్మ చీరలు తెచ్చుకోవడానికి కొన్ని రోజులు మా ఆయనతో పాటే వెళ్లేదాన్ని. వరండా మెట్టు మీద కూర్చుని చూసేదాన్ని. వేడి నీళ్లలో పిండిన తువ్వాలు సారు మొహం మీద పరిచి కాసేపు ఉంచేవాడు. కుచ్చుతో నురగ పట్టించేవాడు. ఎడమ బొటనవేలితో చెంప తోలు పైకి లాగి, చెవి దగ్గర మొదలుపెట్టేవాడు. నురగతో పాటు తెల్ల వెంట్రుకలు కత్తి మీదికి వచ్చేవి.

"మాసయ్యా, ముప్పై ఏండ్ల సంది నా గొంతు మీద కత్తి పెడ్తున్నవు. ఒక్కనాడన్న నాకిది కావాలె అని అడిగినవా?" అనేవారు సారు.

"అడుగుదామనుకున్నప్పుడల్ల మీ మూతి నిండ నురగ ఉంటది సార్. ఊ అన్నరో ఉహు అన్నరో నాకెట్ల తెలుస్తది?"

లోపలి నుంచి అరుంధతమ్మ అందుకునేది. "అడగకు మాసయ్యా. అడిగితే మూడు కాపీలు రాసుకొని రమ్మంటడు."

కత్తి గడ్డం దాటి గొంతు మీదికి రాగానే ఇద్దరూ మాట మానేసేవాళ్లు. సారు కళ్లు మూసుకునేవారు. రోడ్డు మీద బస్సులు మొదలు కాని వేళ కాబట్టి కత్తి చప్పుడు నాకు మెట్టు మీదికి వినిపించేది. అయిపోయాక పటిక రాసి, చల్ల నీళ్లు కొట్టి, కత్తి తుడిచి మడిచేవాడు. ఒక్కోసారి నాకు ఇచ్చేవాడు, పొదిలో పెట్టమని. కత్తిని తెరిచి ఇవ్వకూడదు. మడిచి, అవతలివాళ్ల అరచేతిలో పెట్టాలి. పెళ్లయిన కొత్తలో నాకు నేర్పిన మొదటి సంగతి అదే.

ఆ ఏడు ఉగాది నాటికే మా ఆయన కళ్లకు శుక్లాలు వచ్చాయి. వానలు పడ్డాక ఆపరేషన్ చేస్తామన్నారు. మా కొడుకు కరుణాకర్‌కు అంబర్‌పేట్‌లో సెలూన్ ఉంది. ఏసీ, అద్దాలు, తిరిగే కుర్చీలు. ఒక ఆదివారం అన్నం తింటూ తండ్రిని పట్టుకున్నాడు.

"నాయినా, కండ్లల్ల శుక్లాలు పెట్టుకొని గొంతు మీద కత్తి పెడ్తవా? రేపేమన్న అయితే కేసయితది. ఇగ బంద్ చెయ్యి."

"కండ్లు బ్లేడు పట్టేటోనికి కావాలెరా. కత్తి పట్టినంక చెయ్యే చూస్తది."

"చెయ్యి చూస్తదట! అమ్మా, రేపటి సంది నాయినను చేతుల మీద నడిపియ్యి. మెట్రో పిల్లర్ల కింద రోడ్డు మంచిగ దాటుతడు."

అందరం నవ్వాం. మా ఆయన కూడా నవ్వాడు. నవ్వి, చెయ్యి కడుక్కుని, తుడుచుకుంటూ అన్నాడు.

"కరుణా, యాదికి పెట్టుకో. నా చెయ్యి కత్తిని గుర్తు పట్టని దినం నేనే పొది కట్టేస్త. నువ్వు చెప్పే పని లేదు."

మే నెల మొదట్లో మా గల్లీలో సైకిళ్లు బాగుచేసే పోచయ్య పోయిన పదో రోజు వచ్చింది. సోమవారం. మా ఆయన ఆ పని చేసి వచ్చి, ఎలాగూ సాన రాయి తీశాను కదా అని రెండు కత్తులూ నూరాడు. ముందు రోజు కత్తి, తర్వాత దినాల కత్తి. రాయి కడిగాడు. దినాల కత్తికి కొత్త దారం చుట్టి డబ్బాలో పెట్టాడు.

మరునాడు మంగళవారం, షాపు బంద్. మా ఆయన కళ్ల పరీక్షకు పోయాడు. పదకొండింటికి జ్యోత్స్న పరుగున వచ్చింది. సిద్దిపేట దగ్గరి పల్లె పిల్ల, అశోక్ నగర్ హాస్టల్లో ఉండి మూడేళ్లుగా ఉద్యోగాల పరీక్షలు రాస్తోంది. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. మరునాడే టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పిలిచారట, వాళ్ల ముందు పాఠం చెప్పి చూపించాలట.

"పెద్దమ్మా, చీర కట్టుకొని పోవాలె. జాకెట్టు పడ్తలేదు. హాస్టల్ అన్నం రుచి ఉండదు గని, ఒంటికి మాత్రం పడ్తున్నది. జర విప్పి వదులు చెయ్యవా?"

"కూసో బిడ్డా."

అది మిషను మీద రెండు వరసలు బిగించి కుట్టిన కుట్టు. నా దగ్గరున్న బ్లేడు మొద్దుబారిపోయింది. జ్యోత్స్న గుమ్మంలో కూర్చుని పుస్తకం తెరిచి, పెదవులు కదుపుతూ తన పాఠం తనే చెప్పుకుంటోంది. నా చూపు దేవుడి గూటి మీదికి పోయింది.

ఆ కత్తిని నేను ముట్టకూడదని కాదు. తుడిచేదాన్ని, నూనె రాసేదాన్ని. కానీ వెంట్రుకకు తప్ప దాన్ని ఇంకే పనికీ వాడకూడదు. దారానికి కూడా. ఇది మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. అయినా తీశాను. ఎంత పదునో! ఆనించగానే కుట్టు విడిపోతూ వచ్చింది. నాకు సరదా కూడా వేసింది. ఆ సరదాలోనే ముందు పట్టీ దాకా పోయాను. టక్‌మంది. హుక్కుకు తగిలింది.

వెలుతురుకు పెట్టి చూశాను. కత్తి ముక్కు దగ్గర నూక గింజంత మేర అంచు లేచిపోయింది.

జ్యోత్స్న తలెత్తలేదు. జాకెట్టు వదులు చేసి ఇచ్చాను. వేసుకుని చూసుకుని, నన్ను గట్టిగా పట్టుకుని, వెళ్లిపోయింది.

మా ఆయన నన్ను తిట్టే మనిషి కాదు. చెయ్యెత్తిన మనిషి అసలే కాదు. ఆ కత్తిని అలా వెలుతురుకు పట్టుకుని చూస్తూ, ఏమీ అనకుండా ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడానికే భయపడ్డాను. శుక్రవారం శుక్రవారం మా గల్లీకి సాన పట్టే మనిషి వచ్చేవాడు. మూడు రోజులు గడిపేస్తే వాడి చేత అంచు సరిచేయించి, ఎక్కడిదక్కడ పెట్టేయవచ్చు అనుకున్నాను. బయటికి పోయి రేకు డబ్బా తీశాను. దినాల కత్తికున్న నల్ల దారం విప్పాను. దాన్ని రోజు కత్తి పిడికి చుట్టాను. మూడు చుట్లు, ఒక ముడి, ఆయన ఎలా చుట్టేవాడో అలాగే. అంచు పోయిన రోజు కత్తిని డబ్బాలో పెట్టాను. దినాల కత్తిని తెల్ల బట్టలో చుట్టి దేవుడి గూట్లో పెట్టాను. ఒక్క చుట్టు కూడా తప్పిపోలేదు. అది నాకు బాగా గుర్తుంది.

బుధవారం పొద్దున తోలు పట్టా చప్పుడు మొదలై మధ్యలో ఆగింది.

"ఏమే, చప్పుడు వేరేగ వస్తున్నది."

"మొన్ననే సాన పట్టినవ్ గద" అన్నాను పొయ్యి దగ్గర నుంచే.

"అవు గదా" అని మళ్లీ లాగడం మొదలుపెట్టాడు.

ఎనిమిదింటికి ఇంటికి వచ్చి, పొది దించి, కుడి చెయ్యి విదిలించాడు.

"ఇయ్యాల కత్తి బరువనిపించిందే."

"ఎండలకు అట్లనే ఉంటది" అన్నాను.

ఎందుకు బరువో నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా రోజూ నూరితే రోజు కత్తి అరిగి అరిగి పలచబడింది. దినాల కత్తి నెలకో రెండు నెలలకో ఒకసారి బయటికి వచ్చేది. కొన్ననాటి మందమే ఇంకా దానికి ఉంది. ఆ తేడా గోరంత. ఆయన చెయ్యి దాన్ని పట్టుకుంది. పట్టుకున్న చేతిని పట్టుకుని, నీదే తప్పు అని చెప్పింది నేను.

మొదటి శుక్రవారం సాన మనిషి వచ్చినప్పుడు మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. రెండో శుక్రవారం కూడా వచ్చాడు. వాడి కేక విన్నాను. అప్పుడు మా ఆయన లేడు. ఎసరు పెట్టి ఉన్నాను, లేవలేదు. అప్పటికి పది రోజులైంది, ఏమీ కాలేదు, ఇక ఏమవుతుందిలే అనుకున్నాను. మనిషి తప్పు చేశాక ముందు భయపడుతుంది, తర్వాత అలవాటు పడుతుంది. నాకు పది రోజులు పట్టింది.

ఆయనకు మాత్రం అలవాటు కాలేదు. రోజూ వచ్చి చెయ్యి విదిలించేవాడు. "వయసు మీద పడ్డదే" అనేవాడు ఒకనాడు. "నరం పట్టుకున్నట్టున్నది" అనేవాడు ఇంకోనాడు. రబ్బరు బంతి ఒకటి కొనుక్కొచ్చి షాపులో ఖాళీగా ఉన్నప్పుడల్లా పిసికేవాడు. సాయంత్రాలు నేను నువ్వుల నూనె వేడి చేసి ఆయన మణికట్టుకు రాసేదాన్ని. "నీ చెయ్యి పడితే నొప్పి పోతదే" అని కళ్లు మూసుకునేవాడు. అసలు నొప్పే లేని చేతికి నూనె రాస్తూ కూర్చున్నాను, రోజూ.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం కరుణాకర్ తండ్రిని ఆటోలో తీసుకొచ్చాడు. అశోక్ నగర్‌లో మెస్ నడిపే నర్మదమ్మ భర్త పదో రోజు అది. అంబర్‌పేట్ శ్మశానం దగ్గర పని. నలుగురు కొడుకులు కావడంతో సాయంగా కరుణాకర్ కూడా పోయాడు. మా ఆయన అంగీ మీద రక్తం చుక్కలున్నాయి.

"ఎవలిదిరా?" అన్నాను.

"శ్రీనాథ్‌ది. పెద్ద కొడుకు. తల మీద గాటు పడ్డది. మూడు కుట్లు." కరుణాకర్ గొంతు తగ్గించాడు. "నాయిన కత్తి మంచిగనే పోతున్నది. ముక్కు దగ్గర ఏదో పట్టుకున్నట్టయి తెగింది. నేను ఎండల పట్టి చూసిన. అంచు లేచిపోయి ఉన్నది. ఇంకోటి చూసినమ్మా, దాని పిడిల తెల్ల చార ఉన్నది. తెల్ల చార రోజు కత్తికి గద ఉండేది?"

రెండు పిడుల్లో ఒకదాని కొమ్ములో సన్నటి పాల చార ఉంది. ఎండలో తప్ప కనబడదు. శుక్లాలు పట్టిన కళ్లకు ఎండలోనూ కనబడదు. నేను ఆ చారను మర్చేపోయాను.

మా ఆయన గడప దగ్గర కూర్చుని రెండు కత్తులూ తెరిచి ముందు పెట్టుకున్నాడు. దారం విప్పాడు. చాలాసేపు వేళ్లతో తడిమాడు.

"పోచయ్య దినాల నాడు రెండు నూరిన గద. దారం నేనే తప్పుదానికి చుట్టిన" అన్నాడు. ఆ తర్వాత వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టాడు, మంగళవారాలు తీసేసి. "ఇరవై రెండు పొద్దులు. ఇరవై రెండు పొద్దులు సారు మొఖం మీద దినాల కత్తి పెట్టిన."

కరుణాకర్ ఈసారి నవ్వలేదు. తండ్రి పక్కన కూర్చున్నాడు. "పోనీ తియ్యి నాయినా. ఎవలకు తెలుస్తది?"

"నాకే తెల్వలే. గదే గదరా" అన్నాడు మా ఆయన.

నేను చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడ్డాను. కొడుకు ముందర ఎలా చెప్పేది అనుకున్నాను. కొడుకు వెళ్లిపోయాక, అన్నం తిన్నాక చెబుదాం అనుకున్నాను. ఆయన అన్నం తినలేదు.

ఎండ తగ్గాక నారాయణగూడ బయల్దేరాడు. నేనూ వెంట పోయాను. సారు వరండాలోనే ఉన్నారు. మా ఆయన చెప్పులు గేటు బయటే విడిచి, మెట్టెక్కకుండా కింద నిలబడి చెప్పాడు. ఒక్క మాట తగ్గించలేదు. అరుంధతమ్మ మొహం మారింది. లోపలికి పోయింది. లోపల బిందెలో చెంబు మునిగిన చప్పుడైంది.

సారు తమ చెంపలు తడుముకుని నవ్వారు. "అంటే నేను ఇరవై రెండు రోజుల కిందనే పోయినట్టా మాసయ్యా? మరి పొద్దుగాల ఇడ్లీలు తిన్నది ఎవలు?"

"నవ్వులాట కాదు సార్."

"నాకు పట్టింపు లేదయ్యా. అమ్మకు పట్టింపుంటే తల మీద ఇన్ని నీళ్లు పోసుకుంటం. రేపు పొద్దుగాల ఆరున్నరకు రా."

"రాను సార్."

"ఎందుకు?"

"మెడ మీద కత్తి పెట్టేటోనికి, తన చేతిల ఏ కత్తి ఉన్నదో తెల్వాలె సార్."

సారు నా వైపు చూశారు, నువ్వన్నా చెప్పు అన్నట్టు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. చెప్పాల్సింది నాలుగు మాటలు. నేను చీర కొంగు సర్దుకున్నాను.

మరునాడు పొద్దున అయిదింటికి కిటికీ ఊచకు పట్టా ఎక్కలేదు. షాపు కూడా తెరవలేదు. సారు రెండుసార్లు మనిషిని పంపారు. మా ఆయన పోలేదు.

మిరుగం వచ్చింది, మృగశిర కార్తె మొదటి రోజు. ఆ రోజు చేప తినని ఇల్లుండదు. కరుణాకర్ పొద్దున్నే నారాయణగూడ మార్కెట్‌లో తోపులాటలో పడి రెండు రవ్వ చేపలు తెచ్చి ఇచ్చి పోయాడు. నేను వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని పొలుసు తీస్తున్నాను. మా ఆయన వచ్చి ఎదురుగా గొంతుకూర్చున్నాడు. వారం పెరిగిన తెల్ల గడ్డం. ఆయన మొహం మీద నేను గడ్డం చూడటం అదే మొదలు.

"ఒక మాట అడుగుత. ఏమనుకోకు."

"ఏంది?"

"మస్తు ఆలోచన చేసిన. దారం చుట్టింది యాదికున్నది. రోజు కత్తిని ముందు నూరి పక్కన పెట్టిన, తర్వాత దినాల దాన్ని నూరి, దాని మీదనే చుట్టిన. కండ్ల ముందర కనబడుతున్నది. నువ్వేమన్న ముట్టినవా?"

చేప తోక పట్టుకుని ఉన్నాను. చెయ్యి జారుతోంది, గట్టిగా పట్టుకున్నాను.

"నేనెందుకు ముడ్త?"

ఆయన తల ఊపాడు. "అవు. నువ్వెందుకు ముడ్తవ్. ఊకెనే అడిగిన." లేస్తూ మోకాలి మీద చెయ్యి ఆనించి ఆగాడు. "నీ మీద అనుమానపడ్డ. తప్పయింది, మనసుల పెట్టుకోకు."

నన్ను క్షమాపణ అడిగాడు.

పొలుసు తీయడం పూర్తి చేశాను. పులుసు బాగా కుదిరిందని అన్నాడు. రెండు ముక్కలు తిన్నాడు.

వానలు పడ్డాక రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. చూపు శుభ్రంగా వచ్చింది. గోడ మీద క్యాలెండర్ ఇంత దూరం నుంచి చదివేవాడు. అయినా షాపు కరుణాకర్ దగ్గర పనిచేసే వాళ్లకు అప్పజెప్పాడు. సొంత గడ్డం కూడా తను గీసుకోలేదు. పదిహేను రోజులకోసారి కొడుకే మిషనుతో తీసేవాడు.

ఒక్క పని మాత్రం చేసేవాడు. మధ్యాహ్నాలు వాకిట్లో సాన రాయి ముందేసుకుని, అంచు పోయిన రోజు కత్తిని నూరేవాడు. నూక గింజంత పోవాలంటే అంచు మొత్తం అంత మేర అరగాలి. నెలల పని. లోపల పడుకుంటే రాయి చప్పుడు వినిపించేది.

"ఎవలకు గీస్తవని నూరుతున్నవ్?" అన్నాను ఒకరోజు, భరించలేక.

"ఎవలకు గియ్య. కత్తి ఏం తప్పు చేసింది? చేతి తప్పుకు దాన్నెందుకు పాడుపెట్టాలె?"

ఆ రోజు కూడా చెప్పలేదు. లేచి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. రాయి మీద నీళ్లు పోశాను. అంతే చేశాను.

రెండేళ్ల తర్వాత చలికాలంలో పోయాడు. గుండె. పదో రోజు దినాల కత్తి నేనే తెచ్చి మా మరిది చేతికిచ్చాను, కరుణాకర్ తల గీయడానికి. దాని పిడికి నల్ల దారం ఉంది, మూడు చుట్లు, ఒక ముడి. పని కాగానే దాన్ని తీసుకుపొమ్మన్నాను.

జ్యోత్స్నకు ఆ ఉద్యోగం రాలేదు, ఆ తర్వాతి ఏడు ఇంకొకటి వచ్చింది. ఇప్పటికీ అశోక్ నగర్‌లోనే గది కిరాయికి తీసుకుని ఉంటోంది. "ఊకె గోడ దిక్కు చూసుడెందుకు పెద్దమ్మా, పలక తెస్త" అని తెచ్చింది. ఏడాదిలో పేపరు చదివేదాన్నయ్యాను. ఆ జాకెట్టు సంగతి ఆ పిల్లకు కూడా తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

మొన్న దసరా ముందు కరుణాకర్ వచ్చి, "నాయిన రోజు కత్తి ఇయ్యమ్మా, సెలూన్ల అద్దం పెట్టెల పెడ్త. ఇసొంటిది ఇప్పుడెవల దగ్గరున్నది" అన్నాడు. ఇస్తానన్నాను. గూట్లోంచి తెల్ల బట్ట తీసి విప్పాను. అంచు చివరిదాకా ఒకే గీతలా ఉంది. ఎక్కడా చిన్న లోపం లేదు. నూనె రాసి ఉంది. కొడుకుకు ఇచ్చే ముందు దాన్ని పట్టుకుని నారాయణగూడ పోయాను.

సారుకు ఎనభై అయిదు. వరండాలో అదే కుర్చీ. చెంపల మీద మిషను వదిలేసిన తెల్ల వెంట్రుకలు అక్కడక్కడా ఉన్నాయి. అరుంధతమ్మ చాయ్ ఇచ్చి లోపలికి పోయింది. గ్లాసు కింద పెట్టి, మెట్టు మీద నుంచే చెప్పాను.

"సార్, దారం మార్చింది నేను. ఆయన కాదు."

జాకెట్టు, హుక్కు, రేకు డబ్బా, అన్నీ చెప్పాను. మిరుగం నాటి మాట కూడా చెప్పాను.  అయ్యాక సారు చెయ్యి చాచారు. కత్తి ఇచ్చాను. ఆయన దాన్ని తెరిచి, కళ్లు మూసుకుని, అరచేతిలో పెట్టి కాస్త ఎత్తి దించారు.

"ఇదే. ఇది తేలికగ ఉంటది" అన్నారు. "నాకు తొలినాడే తెలిసింది ఆశమ్మా. మెడ మీదికి రాంగనే చప్పుడు వేరే వచ్చింది. కొత్త కత్తి తెచ్చిండేమో, తనే చెప్తడేమో అని చూసిన. చెప్పలే. అడిగితే చిన్నబుచ్చుకుంటడని నేనూ అడగలే." కళ్లు తెరిచారు. "నాకే తెలిసింది. మాసయ్యకు తెల్వకపోవుడేందని ఇన్నేండ్ల సంది అనుకుంటున్న."

"తెలిసింది సార్. చేతికి తెలిసింది. రోజూ ఇంటికొచ్చి కత్తి బరువున్నదే అనేటోడు."

"నువ్వేమనేదానివి?"

"ఎండలకు అట్లనే ఉంటది అన్న సార్."

సారు కత్తి మడిచారు. నా అరచేతిలో పెట్టారు.